వేడి ప్రాంతాల ఇంటి తోటకు పూలపొదలు: ఎంచుకోవడం నుంచి నిలదొక్కుకునేదాకా

ఇంటి ముందు ఏ పూలపొద పెడితే బాగుంటుందని చాలామంది అడుగుతుంటారు. పేరు చెప్పడం తేలికే. కానీ అదే మందార ఒకరింట్లో విరగబూస్తుంది, పక్కింట్లో మొగ్గలన్నీ రాల్చేసుకుంటుంది. చాలాసార్లు ఈ తేడాకు కారణం మొక్కను పెట్టిన చోటే. అందుకే ఇందులో మొక్కల పేర్లు కాస్త ఆలస్యంగా వస్తాయి. ముందు ఎండ, నేల, జాగా తేల్చుకుందాం. ఆ మూడూ తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

నర్సరీకి వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పనికి ఇవి చాలు:

- కొలిచే టేపు
- గునపం లేదా పార
- రెండు బకెట్ల నీళ్లు, ఒక స్కేలు
- కాస్త వెనిగర్
- కాగితం, పెన్సిల్

## 1. ఎండ లెక్క రాసుకోండి

మబ్బు లేని రోజు ఒకటి చూసుకోండి. ఉదయం 8 గంటల నుంచి సాయంత్రం 6 దాకా రెండేసి గంటలకోసారి మొక్క పెట్టాలనుకున్న చోటికి వెళ్లి, నేల మీద నేరుగా ఎండ పడుతోందా, నీడ ఉందా, ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడుతోందా అని రాసుకోండి.

నేరుగా ఎండ 6 గంటలు, అంతకు మించి ఉంటే పూర్తి ఎండ చోటు. 3 నుంచి 6 గంటలైతే అర ఎండ. 3 గంటల లోపు నీడ కిందే లెక్క.

ఇక్కడ చాలామంది ఒక విషయం వదిలేస్తారు. వేడి ప్రాంతాల్లో గంటల లెక్క ఒక్కటే సరిపోదు, ఏ పూట ఎండ అన్నది కూడా చూడాలి. ఉదయం 4 గంటల ఎండ, గుబాళించే తెల్లపూలు పూసే గార్డెనియాకు హాయిగా ఉంటుంది. అదే 4 గంటలు మధ్యాహ్నం పడమటి నుంచి పడితే ఆకుల అంచులు మాడిపోతాయి. పడమటి గోడ దగ్గర ఇబ్బంది ఇంకా ఎక్కువ. గోడ పగలంతా వేడెక్కి, పొద్దుగూకాక కూడా ఆ సెగను మొక్క మీదికి వదులుతూనే ఉంటుంది. సాయంత్రం 7 గంటలకు గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంకా వేడిగా తగిలితే ఆ చోటు గట్టి మొక్కలకే వదిలేయాలి.

సూర్యుడి దారి ఏడాదిలో మారుతుంది కాబట్టి శీతకాలంలో ఎండ పడే చోట వేసవిలో నీడ ఉండొచ్చు, లేదా అందుకు తిరగబడి ఉండొచ్చు. వీలుంటే ఆర్నెల్ల తేడాతో రెండుసార్లు చూడండి. అంత ఓపిక పట్టలేమనుకుంటే, పొద బాగా పూయాలని మీరు కోరుకునే కాలంలో ఒక్కసారైనా చూడండి.

చూరు కింద జాగా ఉంటే దాన్ని విడిగా గుర్తు పెట్టుకోండి. ఎంత వాన పడినా ఆ నేల పొడిగానే ఉంటుంది. చూరు అంచు కింద మాత్రం నీళ్లు ధారకట్టి మట్టిని కోసేస్తాయి.

## 2. నేలలో నీరు ఎంత త్వరగా ఇంకుతుందో చూడండి

పూలపొదలు ఎండకు చచ్చిపోవడం చూస్తాం గానీ, వేరు దగ్గర నీళ్లు నిలిచి చచ్చిపోయేవి కూడా తక్కువేం కాదు. వేళ్లకు గాలి కావాలి. మట్టి సందులన్నీ నీళ్లతో నిండిపోతే గాలి ఆడదు, వేళ్లు కుళ్లుతాయి. పైకి మాత్రం ఆకులు వాడినట్టు కనిపిస్తాయి. నీళ్లు చాలలేదేమో అని ఇంకా పోస్తాం.

పరీక్ష ఇలా చేయండి:

1. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పున గుంత తవ్వండి.
2. నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకిపోనివ్వండి. ఇది మట్టిని తడపడానికే.
3. మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి, గంట తర్వాత నీటిమట్టం ఎంత దిగిందో చూడండి.

గంటకు 2.5 నుంచి 7.5 సెంటీమీటర్లు దిగితే దాదాపు ఏ పొదకైనా మంచి నేల. 2.5 కన్నా తక్కువ దిగితే నీరు నిలిచే నేల. 10 సెంటీమీటర్లు దాటితే మరీ వదులు, తేమ ఆగదు.

నీరు నిలిచే బంకమట్టిలో గుంత తవ్వి అందులో మాత్రమే ఇసుకో మంచి మట్టో నింపడం పెద్ద పొరపాటు. చుట్టూ ఉన్న బంకమట్టి తొట్టిలా పనిచేస్తుంది. వాన పడ్డప్పుడల్లా నీళ్లన్నీ ఆ మెత్తటి గుంతలోకే చేరి అక్కడే ఆగిపోతాయి. దానికి బదులు నేల మీదే కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున మట్టి దిబ్బ పోసి, దాని మీద నాటండి. వెడల్పుగా, నెమ్మదిగా వాలే దిబ్బ కావాలి. నిట్టనిలువుగా పోస్తే నాలుగు వానలకు జారిపోతుంది.

ఇసుక నేలైతే బాగా మాగిన కంపోస్టో పశువుల ఎరువో మొక్క గుంత వరకే కాకుండా ఆ మడి మొత్తానికీ కలపండి.

## 3. సున్నం ఉందేమో చూసుకోండి

గోడ పక్కన నాటబోతుంటే ఈ అడుగు తప్పనిసరి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు గోడ వారనే మట్టిలో కలిసిపోయి ఉంటాయి. పైన రెండు అంగుళాల ఎర్రమట్టి పోసేసరికి ఏమీ కనిపించదు. గునపంతో ఒక అడుగు తవ్వితే తెల్లటి పెళ్లలు బయటపడతాయి.

ఆ మట్టిని గుప్పెడు తీసి ఆరబెట్టి, మీద కాస్త వెనిగర్ పోయండి. బుస్సుమని నురుగు వస్తే సున్నం ఉన్నట్టే, నేల క్షార గుణంతో ఉన్నట్టే. పీహెచ్ కిట్ ఉంటే అంకె కూడా తెలుస్తుంది. 7 తటస్థం, అంతకు మించితే క్షారం.

దీనివల్ల నష్టం ఏమిటంటే, క్షార నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. నూరువరహాలు, గార్డెనియా ఆమ్ల నేలను ఇష్టపడతాయి కాబట్టి ముందు దెబ్బ తినేవి ఇవే. నూరువరహాల కొమ్మ చివర లేత ఆకులు చూడండి. ఆకంతా పసుపుగా పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల గీసినట్టు కనిపిస్తే అది ఇనుము లోపమే. పాత ఆకులు అప్పటికి ఇంకా పచ్చగానే ఉంటాయి.

సున్నం ఉన్న చోట మట్టి గుణాన్ని మార్చాలని ఏళ్ల తరబడి పోరాడటం కన్నా, ఆ నేలను తట్టుకునే పొదను పెట్టుకోవడమే తెలివైన పని. గన్నేరు, కాగితపు పూలు, టెకోమా (పసుపు గంటల్లాంటి పూల పొద), లంటానా అలాంటివే. నూరువరహాలే కావాలంటే పెద్ద కుండీలో పెంచండి. లేదా గోడకు మీటరు దూరంగా, పెళ్లలు ఏరేసిన మడిలో పెట్టండి.

## 4. జాగా కొలిచి, పెరిగిన పొదను ఊహించుకోండి

కుండీలో మూరెడు ఎత్తున్న మొక్క మూడేళ్లకు కిటికీని మూసేస్తుంది. ఏటా నాలుగుసార్లు కత్తెర పట్టుకుంటే తప్ప అదుపులో ఉండని పొద అంటే, ఆ చోటికి అది సరైన పొద కాదని అర్థం. అలా ఎడాపెడా కత్తిరిస్తే మొగ్గలు కూడా కొమ్మలతో పాటే పోతాయి.

సాధారణంగా చేరే కొలతలు ఇవి. రకాన్ని బట్టి, నేలను బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

- కనకాంబరం: ఎత్తు 60–90 సెంటీమీటర్లు
- పొట్టి రకం నూరువరహాలు: 60–90 సెంటీమీటర్లు, మామూలు రకం 1.5–2 మీటర్లు
- లంటానా, నీలి ప్లంబాగో: 1–1.5 మీటర్లు, వెడల్పు అంతకన్నా ఎక్కువే
- గార్డెనియా: 1–2 మీటర్లు
- మందార, నందివర్ధనం, హామీలియా (నారింజ-ఎరుపు గొట్టాల్లాంటి పూల పొద): 2–3 మీటర్లు
- రత్నగంధి: 2.5–3 మీటర్లు
- గన్నేరు: 3–4 మీటర్లు
- టెకోమా: 3–5 మీటర్లు

దూరం లెక్క ఇలా వేసుకోండి. పొద పూర్తి వెడల్పులో సగం తీసుకుని దానికి 30 సెంటీమీటర్లు కలపండి. గోడ నుంచి కాండానికి అంత దూరం ఉండాలి. 2 మీటర్ల వెడల్పు పెరిగే మందార అయితే గోడకు 1.3 మీటర్లు. ఎడంగా అనిపిస్తుంది, నిజమే. కానీ గోడకు పొదకు మధ్య గాలి ఆడకపోతే పిండినల్లి (కొమ్మలకు తెల్లటి పిండిలా పట్టే పురుగు) అక్కడే గూడు కడుతుంది. గోడకు రంగు వేయడానికి మనిషి దూరే సందు కూడా ఉండాలి కదా.

రెండు పొదల మధ్య అయితే రెండింటి వెడల్పుల్లో సగం సగం కలపండి. కంచెలా దట్టంగా అల్లుకోవాలంటే ఆ దూరంలో మూడో వంతు తగ్గించొచ్చు.

నాటే చోట నేల మీద పొద పూర్తి వెడల్పున ముగ్గుతోనో తాడుతోనో వలయం గీయండి. గేటు తెరుచుకుంటుందా, నడకదారికి అడ్డొస్తుందా, ఏసీ బయటి యూనిట్‌కు గాలి ఆగుతుందా, నీటి మీటరు అందుతుందా అన్నది అప్పుడే తేలిపోతుంది. నేలలో పైపులు ఎటు పోతున్నాయో, తల మీద కరెంటు తీగలు ఉన్నాయో కూడా చూడండి.

## 5. ఏ చోటికి ఏ పొద

మీరు రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని చదవండి.

పూర్తి ఎండ, పడమటి గోడ సెగ, నీళ్లు తక్కువ. ఇక్కడ నా ఓటు కాగితపు పూలకే. నిలదొక్కుకున్నాక దానికి ఎంత తక్కువ చేస్తే అంత ఎక్కువ పూస్తుంది. నీళ్లు, నత్రజని ఎక్కువైతే ఆకు మీద ఆకు వేస్తుంది గానీ రంగు రాదు. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే, అసలు పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్లటి గొట్టం. అందుకే ఆ రంగు వారాల తరబడి నిలుస్తుంది. టెకోమా, రత్నగంధి, గన్నేరు, లంటానా కూడా ఈ చోటికి సరిపోతాయి. కుండీలో అయితే అడినియం (ఎడారి గులాబీ).

పూర్తి ఎండ, మంచి నేల, నీళ్లకు ఇబ్బంది లేదు. మందార, నూరువరహాలు, హామీలియా, క్రేప్ మర్టిల్ (ముడతల రేకుల గుత్తిపూల పొద), మల్లె. చాలా మందార రకాల్లో పువ్వు ఒక్కరోజుదే. కాబట్టి రోజూ కొత్త మొగ్గ రావాలంటే మొక్కకు తిండి, తేమ ఎడతెగకుండా అందాలి. వారానికోసారి గుర్తొచ్చినప్పుడు నీళ్లు పోసే ఇంట్లో మందార పెట్టమని నేను చెప్పను.

ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ. వేడి ప్రాంతాల్లో ఇది అన్నింటికన్నా విలువైన చోటు. గార్డెనియా, కనకాంబరం, బ్రన్‌ఫెల్సియా ఇక్కడ కళకళలాడతాయి. బ్రన్‌ఫెల్సియా పువ్వు ఊదారంగులో విచ్చుకుని, లేత ఊదాకు మారి, చివరికి తెల్లబడుతుంది. ఒకే పొద మీద మూడు రంగులూ కనిపిస్తాయి.

అర ఎండ, ఎక్కువ సమయం పెట్టలేం. నందివర్ధనం. నేల గురించి పెద్దగా పేచీ పెట్టదు, ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తుంది, కత్తిరించినా కత్తిరించకపోయినా పొందికగా ఉంటుంది. మొదటిసారి తోట వేసేవాళ్లకు ఒకే ఒక్క పొద చెప్పమంటే ఇదే చెబుతాను.

పూర్తి నీడ. ఇక్కడ పూలపొదల మీద ఆశ పెట్టుకోవద్దు. బతుకుతాయి, సన్నగా సాగుతాయి, పూయవు. ఆ చోట అందమైన ఆకుల మొక్కలు పెట్టి, పూలకు వేరే చోటు వెతకండి.

సముద్రపు గాలి తగిలే చోటు. గన్నేరు, కాగితపు పూలు ఉప్పుగాలిని బాగా తట్టుకుంటాయి. వాటిని గాలికి ఎదురుగా వరసగా పెట్టి, సున్నితమైనవాటిని వాటి చాటున పెంచండి.

రెండు మూడు పొదలు పెడుతుంటే అన్నీ ఒకే కాలంలో పూసేవి తీసుకోకండి. మందార, నూరువరహాలు, నందివర్ధనం ఏడాదిలో చాలాకాలం పూస్తాయి కాబట్టి వాటిలో ఒకటి ఆధారంగా ఉంచుకోండి. వేసవికి మల్లె లేదా క్రేప్ మర్టిల్, చలి మొదలయ్యే వేళకు డిసెంబరాలు కలిపితే తోట ఎప్పుడూ బోసిపోదు. రాత్రిరాణి లాంటి ఘాటైన వాసన పూలు పడకగది కిటికీకి కాస్త దూరంగా ఉండాలి. ఆ వాసనకు తలనొప్పి వచ్చేవాళ్లు ఉంటారు.

## 6. విషం, ముళ్లు, హద్దు మీరే గుణం

ఈ భాగం దాటేయకండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలో కుక్కలో ఉంటే.

గన్నేరు, పచ్చగన్నేరు మొక్కల్లో ఆకు, పువ్వు, కాయ, గింజ, బెరడు అన్నీ విషమే. గుండె మీద పనిచేసే విషం అది. కత్తిరించిన కొమ్మలను కాల్చకూడదు, ఆ పొగ కూడా హాని చేస్తుంది. పాకే పిల్లలు, ఏది పడితే అది కొరికే కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో ఈ రెండూ వద్దు. బ్రన్‌ఫెల్సియా కుక్కలకు ప్రమాదకరం. లంటానా పశువులకు విషం, దాని పచ్చికాయలు పిల్లల నోట్లో పడకూడదు. రాత్రిరాణి కాయలూ అంతే.

పొరపాటున ఎవరైనా నమిలారనిపిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మొక్క కొమ్మ ఒకటి కవరులో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏ మొక్కో తెలిస్తే వైద్యులకు సగం పని తగ్గుతుంది.

గన్నేరు, అల్లమండ లాంటివి కత్తిరిస్తే పాలు కారతాయి. కొందరికి చర్మం మంట పుడుతుంది. చేతి తొడుగులు వేసుకోండి, ఆ చేతులతో కళ్లు తుడుచుకోకండి.

కాగితపు పూలకు ముళ్లు ఉంటాయి కాబట్టి నడకదారికి, పిల్లలు ఆడే చోటికి ఎడంగా పెట్టాలి.

లంటానా తోట దాటి అడవుల్లోకి పాకి భారతదేశం, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో పెద్ద బెడదగా మారింది. పక్షులు కాయలు తిని గింజలను దూరాలకు మోసుకెళ్తాయి. టెకోమా కూడా చాలా చోట్ల ఇలాగే వ్యాపించింది. మీ ప్రాంతంలో ఏది నిషేధమో, ఏది కలుపుగా ప్రకటించారో ముందే కనుక్కోండి. లంటానా పెట్టాలనే ఉంటే కాయలు కట్టని రకాలు అడగండి.

## 7. నర్సరీలో మొక్కను పట్టి చూసే తీరు

నిండా పూసిన మొక్క మీదికే కన్ను పోతుంది. కానీ ఆ పూలు ఇంటికి వచ్చిన వారానికి రాలిపోతాయి. మీ దగ్గర మిగిలేది వేళ్లు, కొమ్మలే. కాబట్టి వాటినే చూడాలి. పువ్వు రంగు ఖాయం చేసుకోవడానికి ఒకటి రెండు విచ్చిన పూలు, మిగతావి మొగ్గలు ఉన్న మొక్క చాలు.

మొదట మొక్క మొదలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. మట్టిలో వదులుగా ఊగుతుంటే ఈమధ్యే కుండీ మార్చారన్నమాట, ఇంకా వేరు పట్టలేదు.

తర్వాత అడిగి కుండీ లోంచి తీయించి చూడండి. ఒక అరచేయి మట్టి మీద ఆనించి, మొక్క మొదలు చేతివేళ్ల సందున ఉంచి, కుండీని తలకిందులు చేసి అంచు తడితే మట్టిగడ్డ జారి వస్తుంది. మంచి మొక్కకు వేళ్లు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గడ్డ చుట్టూ అక్కడక్కడా కనిపిస్తాయి, మట్టి వాసన వస్తుంది. నల్లగా మెత్తబడి పుల్లటి కుళ్లు వాసన వస్తే పక్కన పెట్టేయండి. లావు వేళ్లు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టలు చుట్టి మట్టే కనిపించకపోతే అది చాలాకాలంగా ఆ కుండీలోనే మగ్గిన మొక్క. నేలలో పెట్టినా ఆ వేళ్లు చుట్టూ తిరుగుతూనే ఉంటాయి.

కవర్లో ఉన్న మొక్కను ఇలా తీయడం కుదరదు. అడుగున రంధ్రాల్లోంచి పెన్సిలంత లావు వేళ్లు బయటికి వచ్చాయేమో చూస్తే చాలు.

చివరిగా ఈ జాబితా:

- ఆకుల అడుగున తెల్లటి పిండి, జిగురు, గోధుమరంగు పొలుసులు లేవు
- లేత ఆకులు ముడుచుకుపోలేదు
- మొదలు దగ్గరి నుంచే మూడు నాలుగు కొమ్మలు ఉన్నాయి
- కాండం మీద చీలికలు, గాట్లు లేవు
- అంటు మొక్క అయితే అంటు కింది నుంచి వేరే చిగుళ్లు లేవు
- పేరుతో పాటు రకం, పెరిగే ఎత్తు తెలుసు

ఒకే మొక్కలో పెద్దది, చిన్నది ఉంటే చిన్నది తీసుకోండి. చిన్న మొక్కకు ఉన్న వేళ్లు దాని ఆకులకు సరిపోతాయి, కొత్త చోట త్వరగా కుదురుకుంటుంది.

## 8. నాటడం

ఎండలు తగ్గి వానలు మొదలయ్యే రోజులు అన్నింటికన్నా మంచివి. నడి వేసవిలో నాటకండి. మొక్క తెచ్చేశాక ఎండలు ముదిరాయంటే, కుండీలోనే అర నీడలో ఉంచి నీళ్లు పోస్తూ కాలం మారేదాకా ఆగండి. నాటే పని సాయంత్రం పెట్టుకోండి.

1. నాటడానికి గంట ముందు మొక్కకు కుండీలోనే నిండా నీళ్లు పట్టించండి.
2. గుంత వెడల్పు మట్టిగడ్డకు రెండు మూడింతలు ఉండాలి. లోతు మాత్రం మట్టిగడ్డ ఎత్తుకు మించకూడదు. లోతుగా తవ్వి మెత్తటి మట్టి వేస్తే తర్వాత అది కుంగి, మొక్క కూడా దిగిపోతుంది.
3. గుంత గోడలు నున్నగా ఉంటే గునపంతో గీకి గరుకు చేయండి.
4. చుట్టలు చుట్టిన వేళ్లు ఉంటే వేలితో విడదీయండి. గట్టిగా ఉంటే గడ్డ చుట్టూ మూడు నాలుగు చోట్ల నిలువుగా కత్తితో గాటు పెట్టండి. కాగితపు పూల మొక్కకు మాత్రం ఇలా చేయకండి. దాని వేళ్లు సులభంగా తెగిపోతాయి. కవరును గుంతలోనే కోసి మెల్లగా తీసేయండి.
5. మొక్క మొదలు నేలకు సమానంగా, లేదా రెండు మూడు సెంటీమీటర్లు పైకి ఉండేలా నిలబెట్టండి. కాండం మీదికి మట్టి ఎక్కకూడదు.
6. తవ్విన మట్టినే తిరిగి పోసి చేతితో అదమండి. కాలితో తొక్కకండి.
7. చుట్టూ పాదు కట్టి, నిండా నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ ఒకసారి పోయండి.
8. ఎండుటాకులో కొమ్మల తునకలో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరవండి. కాండానికి తగలకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.

గుంతలో రసాయన ఎరువు వేయకండి. కొత్త వేళ్లు మాడతాయి. కొత్త చిగురు వచ్చాకే ఎరువు సంగతి.

## 9. మొదటి ఏడాది నీళ్లు, ఎరువు

మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత మూడు నెలల దాకా రెండు మూడు రోజులకోసారి, ఆ పైన వారానికోసారి లోతుగా. వాన పడితే ఆ మేరకు తగ్గించండి. ఇది ఆరంభానికి లెక్క మాత్రమే. అసలు నిర్ణయం వేలిదే. పాదులో రెండు అంగుళాల లోతుకు వేలు దింపి, పొడిగా ఉంటేనే పోయండి. చుట్టూ ఉన్న నేల తడిగా ఉన్నా, కుండీ నుంచి వచ్చిన మట్టిగడ్డ ఎండిపోయి ఉండొచ్చు. కాబట్టి మొదలు దగ్గరే చూడాలి.

రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైకే ఉండిపోయి, రెండు రోజులు నీళ్లు అందకపోతే మొక్క తల వాల్చేస్తుంది. తక్కువసార్లు, ఎక్కువ నీళ్లు.

మొక్క నిలదొక్కుకున్నాక మూడు నెలలకోసారి మాగిన ఎరువు పాదులో వేసి మట్టితో కప్పండి. మందారకు భాస్వరం ఎక్కువగా ఉన్న ఎరువులు పడవు. పొటాష్ బాగా ఉండి భాస్వరం తక్కువున్నవి చూసుకోండి.

## 10. కత్తిరింపు ఎప్పుడు

అంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది: ఈ పొద కొత్త చిగురు మీద పూస్తుందా, పాత కొమ్మ మీదా?

మందార, కాగితపు పూలు, టెకోమా, లంటానా, ప్లంబాగో, క్రేప్ మర్టిల్ కొత్త చిగురు మీద పూస్తాయి. వీటిని పెరుగుదల ఊపందుకునే ముందు మూడో వంతు దాకా కత్తిరిస్తే కొత్త కొమ్మలు వచ్చి పూలూ పెరుగుతాయి. మల్లె కూడా కత్తిరించాక వచ్చే చిగుళ్ల మీదే విరగబూస్తుంది.

గార్డెనియా, బ్రన్‌ఫెల్సియాలను పూత అయిపోగానే కత్తిరించాలి. ఆలస్యం చేస్తే వచ్చే విడత మొగ్గలను మీ చేతులతో మీరే కోసేసినట్టవుతుంది.

ముందు ఎండు కొమ్మలు, తర్వాత ఒకదానికొకటి రాసుకునేవి, ఆ తర్వాతే ఆకారం. అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయండి. వాటిని పెరగనిస్తే మీరు కొన్న రకాన్ని అవి మింగేస్తాయి.

## 11. తేడా కనిపిస్తే

ఆకులు బాగున్నాయి, పూలు లేవు. ఎండ చాలకపోవచ్చు, నత్రజని ఎక్కువ కావచ్చు, కత్తిరింపు తప్పు వేళలో జరిగి ఉండొచ్చు. పచ్చిక కోసం వేసే ఎరువు పొద దాకా పారుతోందేమో కూడా చూడండి.

మందార మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. రాలిన మొగ్గను గోటితో చీల్చి చూడండి. లోపల చిన్న చిన్న పురుగులు కదులుతుంటే మొగ్గ ఈగ పని. రాలినవన్నీ రోజూ ఏరి, కవరులో వేసి మూతి కట్టి పారేయండి, మట్టిలో వదిలితే అక్కడే కోశస్థ దశకు (పురుగు ఈగగా మారే దశకు) చేరి మళ్లీ వస్తాయి. మొగ్గ వంకరపోయి ఉంటే తామర పురుగులు. లోపల ఏమీ లేకపోతే నీళ్లు ఒకరోజు ఎక్కువ, మూడు రోజులు లేక అన్నట్టు పడుతున్నాయేమో చూసుకోండి.

ఆకులు పసుపు. ఏ ఆకులు అన్నది ముఖ్యం. కింది పాత ఆకులు మొత్తంగా పాలిపోతుంటే నత్రజని లోపం. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి పాలిపోతే ఇనుము. క్షార నేలలో మామూలు ఇనుప లవణం వేసినా వేరుకు అందదు. ఈడీడీహెచ్‌ఏ రూపంలో ఉన్న చిలేటెడ్ ఐరన్ (క్షార నేలలోనూ వేళ్లకు అందేలా చేసిన ఇనుము) అడిగి తీసుకుని, ప్యాకెట్ మీది మోతాదులో పాదులో పోయండి. మట్టి ఎప్పుడూ తడిగా ఉండి అన్ని ఆకులూ పసుపైతే నీళ్లు ఆపండి.

కొమ్మల మీద తెల్లటి పిండి, చీమలు, నల్లటి మసి. మూడూ ఒకే జబ్బు. పిండినల్లి తీపి జిగురు వదులుతుంది, దాని కోసం చీమలు వస్తాయి, ఆ జిగురు మీద మసి బూజు పెరుగుతుంది. ముందు పైపు నీటిధారతో గట్టిగా కడిగేయండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా మెత్తని ద్రవ సబ్బు కలిపి సాయంత్రం ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టండి. మొదట రెండు ఆకుల మీద కొట్టి, ఒకరోజు ఆగి చూడటం మంచిది. వారం తేడాతో రెండు మూడు సార్లు చేయాలి.

నాటి ఏడాదైనా ఎదుగు బొదుగు లేదు. మొదలు దగ్గర మట్టి తీసి చూడండి. మొక్క లోతుకు దిగిపోయి కాండం మట్టిలో కూరుకుపోయి ఉంటే అదే కారణం. చల్లటి రోజుల్లో కొమ్మలను మూడో వంతు తగ్గించి, చుట్టూ పారతో మట్టిగడ్డ చెదరకుండా తవ్వి లేపండి. సరైన ఎత్తులో మళ్లీ నాటి, రెండు వారాలు పైన నీడ కట్టి, కొత్త మొక్కకు పోసినట్టే రోజూ నీళ్లు పోయండి.